‘మే’ అని రాస్తే ఎవరూ రారు

చి. అమ్ములుకి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. గ్రూప్-4 రాసి, జూనియర్ అసిస్టెంట్‌గా చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే ‘షల్’ అనాల్సిన చోట ‘మే’ అని రాశావని నీ డ్రాఫ్టు (ఉత్తర్వు చిత్తుప్రతి) కొట్టేశారని టెన్షన్ పడుతున్నావు. పోనీలే, కొట్టివేతలు పడకుండా పని నేర్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. కానీ ‘నాకు ఇంగ్లిష్ రాదు పెదనాన్నా’ అన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. నీకు ఇంగ్లిష్ వచ్చు, రానిది ఆఫీసు ఇంగ్లిష్. అందులో ఉన్న మాటలే తక్కువ. ఏది ఎవరికి వాడాలో తెలిస్తే చాలు.

డ్రాఫ్టు మొదలుపెట్టేముందు ఆ కాగితం కిందికి వెళ్తోందా, పక్కకా, పైకా అని చూసుకో. కలెక్టర్ నుంచి తహసీల్దారుకి వెళ్తుంటే ‘ఈజ్ డైరెక్టెడ్ టు’ (ఆదేశిస్తున్నాం) అని రాయి. అదే విషయం సమాన హోదా ఉన్న వేరే శాఖ జిల్లా అధికారికైతే ‘ఈజ్ రిక్వెస్టెడ్ టు’. పైకి పోయే కాగితంలో అసలు ఆజ్ఞే ఉండకూడదు. అక్కడ ‘ఐ సబ్మిట్’, ‘ఫర్ ఫేవర్ ఆఫ్ ఆర్డర్స్’ (తమ ఆదేశాల కోసం) అంటూ వంగి నిలబడాలి. చేరిన కొత్తలో నేను హైదరాబాద్‌లోని పెద్దాఫీసుకి పోయే డ్రాఫ్టులో ‘డైరెక్టెడ్’ అని పెట్టాను. మా సూపరింటెండెంట్ గారు కళ్లజోడు తీసి, ‘ఏమయ్యా, కమిషనర్ గారికి హుకుం జారీ చేస్తున్నావా?’ అన్నారు. ఇక బదిలీ అయ్యేదాకా ఆ సెక్షన్‌లో నా పేరు హుకుమే.

సెక్రటేరియట్ నుంచి వచ్చే లెటర్లలో ‘ఐ యామ్ డైరెక్టెడ్ టు’ అని ఉంటుంది. ఆ సంతకం చేసినాయన్ని ఎవరో ఆదేశించారని అర్థం. అంటే ఆయన సొంతంగా చెప్పడం లేదు, ప్రభుత్వం చెప్పమంటే చెబుతున్నాడు. దాన్ని చూసి మనం కూడా మన కాగితంలో అలాగే పెడితే, మనకెవరు చెప్పారో చూపించాల్సి వస్తుంది.

ఇక నిన్న నీకు దెబ్బ తగిలిన ‘మే’, ‘షల్’ సంగతి. ‘షల్’ అంటే చేసి తీరాలి. ‘మే’ అంటే చేయవచ్చు, చేయకపోవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చిన ఒక రాత్రి కంట్రోల్ రూమ్ డ్యూటీ ఉత్తర్వు నా చేతే రాయించారు. గట్టిగా రాస్తే సీనియర్లు నొచ్చుకుంటారని, మర్యాదగా ఉంటుందని ‘ది ఫాలోయింగ్ స్టాఫ్ మే అటెండ్’ అని పెట్టాను. ఆరుగురిలో ముగ్గురే వచ్చారు. మిగతావాళ్లని పొద్దున అడిగితే, ‘మే అన్నారు కదండీ’ అన్నారు. వాళ్ల తప్పేం లేదు. రాత్రంతా ఫోన్ల దగ్గర కూర్చున్నది మాత్రం నేను. ‘షల్ రిపోర్ట్ ఫర్ డ్యూటీ ఫోర్త్‌విత్’ (వెంటనే డ్యూటీకి రావాలి) అని రాస్తే ఎవరైనా నొచ్చుకుంటారేమో కానీ, వస్తారు.

పాత ఉత్తర్వుని తీసేసే మాటల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. ఎక్కువ డ్రాఫ్టులు అక్కడే చెడతాయి. మనమిచ్చిన ఉత్తర్వుని మనమే తీసేస్తే ‘క్యాన్సిల్’. సస్పెన్షన్ ఎత్తేస్తే ‘రివోక్’. పాతదాన్ని పూర్తిగా పక్కకి నెట్టి కొత్తది వేస్తే ‘ఇన్ సూపర్‌సెషన్ ఆఫ్’. పదిమంది బదిలీల్లో ఒక్కరి పోస్టింగు మాత్రమే మారితే ‘ఇన్ పార్షియల్ మాడిఫికేషన్ ఆఫ్’. ఇక్కడ పొరపాటున సూపర్‌సెషన్ అని పడిందో, మిగతా తొమ్మిదిమంది బదిలీలూ గాల్లో వేలాడతాయి. అప్పీలులో పై అధికారి కొట్టేస్తే ‘సెట్ ఎసైడ్’. ‘క్వాష్’ హైకోర్టు మాట, మనం ముట్టుకోకూడదు. ‘కెప్ట్ ఇన్ అబెయన్స్’ అంటే ఉత్తర్వు బతికే ఉంది, అమలు ఆగింది. పెళ్లి వాయిదా పడటం అబెయన్స్, సంబంధమే తప్పిపోవడం క్యాన్సిల్. ఈ తేడా మీ పెద్దమ్మకి ఒక్కసారి చెబితే అర్థమైంది, మా ఆఫీసులో కొందరికి రిటైరయ్యేదాకా అర్థం కాలేదు.

‘సాంక్షన్’ అని పేపర్లో చూస్తే ఆంక్ష. మన ఫైల్లో ‘సాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్’ అంటే మంజూరు. పని ముందే జరిగిపోయి, తర్వాత ఆమోదం అడుగుతుంటే అది ‘ర్యాటిఫికేషన్’. తేదీ వెనక్కి వేసి మంజూరు రాయమని ఎవరైనా చెబితే, ఎంత పెద్దవాళ్లయినా సరే, రాయకు.

షోకాజ్ నోటీసులో ‘వై యాక్షన్ షుడ్ నాట్ బి టేకెన్’ అని ఉంటుంది. చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. టైపింగులో ఆ ‘నాట్’ జారిపోతే, ‘నిన్నెందుకు శిక్షించాలో నువ్వే చెప్పు’ అని అడిగినట్టవుతుంది. కంప్యూటర్లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీసులో పాత డ్రాఫ్టు కాపీ చేసి అతికిస్తారట కదా ఇప్పుడు, అందుకే చెబుతున్నా. అన్నట్టు మెమో అనగానే జనం శిక్ష అనుకుంటారు. సెలవు వివరాలు పంపమని అడిగేది కూడా మెమోనే.

జీవోలు మన దగ్గర పుట్టవు. అవి సెక్రటేరియట్‌లో పుడతాయి. రాజ్యాంగం 166వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ చర్యలన్నీ గవర్నరు పేరుతో ఉండాలి కాబట్టి చివర ‘బై ఆర్డర్ అండ్ ఇన్ ద నేమ్ ఆఫ్ ద గవర్నర్’ అని వస్తుంది. జీవో నంబరు ముందు ఎం.ఎస్. ఉంటే మాన్యుస్క్రిప్ట్, ఆర్‌టి. ఉంటే రొటీన్. కలెక్టరు ఇచ్చేవి ప్రొసీడింగ్స్, వాటి కింద గవర్నరు పేరు పెట్టకు. ‘ప్రొమల్గేట్’ (అధికారికంగా ప్రకటించి అమల్లోకి తేవడం) లాంటి బరువైన మాట నీకు ఎక్కువగా నిషేధాజ్ఞల దగ్గర తగులుతుంది. ఊళ్లో ఇప్పటికీ 144 సెక్షన్ అంటారు కానీ, 2024 జులై 1 నుంచి అది కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163. నోట్‌లో పాత నంబరు వేశావంటే మళ్లీ ఎర్ర గీతే.

అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది కదా, తెలుగులో రాయొచ్చుగా అని నువ్వడుగుతావని తెలుసు. రాయొచ్చు, రాయాలి కూడా. గ్రామాలకి పోయే కాగితాన్ని తెలుగులో రాయడానికి మీ సూపరింటెండెంట్ గారిని ఒప్పించు. అప్పుడూ ఇదే చిక్కు వస్తుంది. ‘హాజరు కావలెను’, ‘హాజరు కావచ్చును’ ఒకటి కాదు.

ఆ కొట్టేసిన డ్రాఫ్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకు. ఆఫీసు కాగితం బయటికి రాకూడదు. పేర్లూ నంబర్లూ లేకుండా వాక్యాలు మాత్రం ఒక పుస్తకంలో రాసుకుని, రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేసి చదువు. అప్పటికి మీ పెద్దమ్మ సీరియల్ అయిపోతుంది, నాకు వినపడుతుంది.

మీ పెదనాన్న