‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ పదేళ్ల పాపకి కొనవచ్చా? చదివినవాళ్లు ఏమంటారు?

కొనవచ్చు. కానీ మీ పాప ఎలాంటి కథలు ఇష్టపడుతుందో చూసుకుని కొనండి. ఈ పుస్తకం మీద అభిప్రాయాలు ఇంతగా చీలిపోవడానికి కారణం కూడా అదే.

మీరు అడిగింది ఇదీ: పాప ఐదో తరగతి, హ్యారీ పోటర్ ఏడు భాగాలూ అయిపోయాయి, మంచికీ చెడుకీ పోరాటం ఉండే ఇంకో ఫాంటసీ కావాలంటోంది. మాడలీన్ లెంగిల్ రాసిన ఈ నవల బాగుంటుందని ఎవరో చెప్పారు. తీరా రివ్యూలు చూస్తే కొందరు చిన్నప్పుడు చదివింది ఇప్పటికీ మర్చిపోలేదంటున్నారు, కొందరు సగంలో పక్కన పడేశామంటున్నారు, ఇంకొందరు ఇది క్రైస్తవ ప్రచారం అంటున్నారు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారం సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి పుస్తకాలు చదువుతుంటాను. నాలుగో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు, గోడవార కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు అమ్మలు, ఒక తాతగారు. ఇంగ్లిష్‌లో చదవడం, తెలుగులో పోట్లాడుకోవడం. ఈ నవల అలాగే మొత్తం చదివాం. కాబట్టి నా అభిప్రాయంతో పాటు వాళ్లవీ చెబుతాను, వాళ్లవే ఎక్కువ పనికొస్తాయి.

కథ క్లుప్తంగా. మెగ్ అనే పదమూడేళ్ల అమ్మాయి. కళ్లద్దాలు, పళ్లకి క్లిప్పులు, ముక్కు మీద కోపం, స్కూల్లో ఎవరితోనూ పడదు. తండ్రి సైంటిస్టు, చాలాకాలంగా కనబడటం లేదు. మెగ్, అసాధారణమైన తెలివి ఉన్న చిన్న తమ్ముడు చార్లెస్ వాలెస్, స్నేహితుడు కాల్విన్ కలిసి ఆయన్ని వెతుక్కుంటూ వేరే గ్రహాలకి వెళతారు. తీసుకెళ్లేది మిసెస్ వాట్సిట్, మిసెస్ హూ, మిసెస్ విచ్ అనే ముగ్గురు వింత ముసలమ్మలు. తండ్రి బందీగా ఉన్న గ్రహం పేరు కామజోట్జ్. అక్కడ అందరి బుర్రల్నీ నడిపించేది ‘ఇట్’. ఇట్ అంటే ఒళ్లూ కాళ్లూ లేని ఒక పెద్ద మెదడు, అంతే.

మొదటి ఫిర్యాదు: స్లోగా ఉంది. నిజమే. మొదటి మూడు అధ్యాయాలు వాన, వంటగది, కోకో, శాండ్‌విచ్‌లు, కబుర్లు. మా గుంపులో ఐదో తరగతి అబ్బాయి ఒకడు రెండో వారానికే ‘ఫైట్ ఎప్పుడొస్తుంది ఆంటీ?’ అని మొదలెట్టాడు. పైగా మిసెస్ హూ నోరు తెరిస్తే లాటిన్, స్పానిష్, జర్మన్ కొటేషన్లు. పక్కనే అర్థం ఉంటుంది గానీ, తనంతట తాను చదువుకునే పిల్లకి కాళ్లకి అడ్డం పడతాయి. నేను వాటిని నాటకంలో శాస్త్రిగారు శ్లోకం అందుకున్నట్టు రాగం తీసి చదివేశాను. నవ్వుకుని ముందుకెళ్లారు.

దూరాన్ని మడతపెట్టి దాటే టెసరాక్ట్ అనే ప్రయాణం పిల్లలకి అర్థం కాదేమో అని భయపడక్కర్లేదు. పుస్తకంలోనే మిసెస్ హూ తన గౌను అంచుని రెండు చేతుల్తో లాగి పట్టుకుని, దానిమీద చీమ ఈ చేతి నుంచి ఆ చేతికి నడవాలంటే ఎంతసేపు, రెండు చేతులూ దగ్గరికి తెస్తే ఎంతసేపు అని చూపిస్తారు. మేం నా చున్నీతో, పెన్ను క్యాప్‌తో అదే చేశాం. నాలుగో తరగతి పాప చున్నీ లాక్కుని వాళ్లమ్మకి మళ్లీ చేసి చూపించింది. అందులో సైన్స్ ఎంత ఉందని అడిగితే తక్కువే. ఫిజిక్స్ కోసం కొంటే నిరాశే.

ఆరో అధ్యాయం చివరికొచ్చేసరికి ఫైట్ అడిగిన అబ్బాయి కూడా కిక్కురుమనలేదు. కామజోట్జ్‌లో మొదటి వీధి. ఇళ్లన్నీ ఒకేలా. ప్రతి ఇంటి ముందూ ఒక పిల్ల తాడాట ఆడుతోంది, లేదా ఒక పిల్లాడు బంతి కొడుతున్నాడు. అన్ని తాళ్లూ ఒకేసారి నేలకి తగులుతాయి, అన్ని బంతులూ ఒకేసారి. తర్వాత అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకుని అమ్మలు వస్తారు, పిల్లలు లోపలికి పోతారు. ఇది చదువుతుంటే మావాళ్లు ఎవరూ చెప్పకుండానే బల్ల మీద చేతుల్తో తాళం వేయడం మొదలుపెట్టారు. కథలో ఒక పిల్లాడి బంతి మాత్రం తప్పి దొర్లిపోతుంది. వాళ్లమ్మ మొహం పాలిపోతుంది. పిల్లాణ్ని లోపలికి లాక్కుని తలుపేస్తుంది. మెగ్ వాళ్లు బంతి తెచ్చి ఇవ్వబోతే, మా పిల్లలెప్పుడూ బంతి వదలరు అంటుంది. బల్ల మీద చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు.

కాసేపటికి ఎనిమిదో తరగతి అబ్బాయి ‘ఇది మా క్యాంపస్సే కదరా’ అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. వాడు చదివేది ఒక రెసిడెన్షియల్ స్కూల్లో, సెలవులకి ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ అక్కడే ఉంది, నవ్వలేదు, కోప్పడనూ లేదు.

అందుకే ఇందులో చెడుకి కోరలుండవు. మీ తరఫున నేనే ఆలోచిస్తాను, మీకు ఏ టెన్షనూ ఉండదు, నొప్పి ఉండదు, తప్పు చేసే అవసరమే రాదు అంటూ వస్తుంది. పుస్తకం వచ్చింది 1962లో. అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య పోరు నడుస్తున్న రోజులు కాబట్టి కామజోట్జ్ అంటే కమ్యూనిస్టు దేశమే అని చదివినవాళ్లు చాలామంది. అది అంత తేలిక కాదు. అచ్చుకి ముందు రచయిత్రి తీసేసిన కొన్ని పేజీలు ఆవిడ పోయాక మనవరాలికి దొరికాయి, 2015లో బయటకొచ్చాయి. వాటిలో తండ్రి మెగ్‌తో, నియంతల వల్లే కాదు, భద్రత మీద మితిమీరిన ఆశ వల్ల కూడా దేశాలు అలా తయారవుతాయని చెబుతాడు. ఆ పేజీలు లేకపోవడమే నయం అనిపించింది నాకు. బంతి సీనే ఆ మాట ఇంకా గట్టిగా చెబుతోంది.

ఇక మతం సంగతి. ఇక్కడ తమాషా ఏమిటంటే, రెండు వైపుల నుంచీ తిట్లు తిన్న పుస్తకం ఇది. లెంగిల్ భక్తిపరురాలైన క్రైస్తవురాలు, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కెథీడ్రల్‌లో చాలా ఏళ్లు లైబ్రేరియన్. నవల్లో బైబిల్ వాక్యాలు నేరుగానే వస్తాయి. చీకటితో పోరాడినవాళ్లు మీ భూమ్మీద ఎవరున్నారని అడిగితే పిల్లలు మొదట చెప్పే పేరు ఏసు. తర్వాత షేక్‌స్పియర్, బాఖ్, పాశ్చర్, మేడమ్ క్యూరీ, ఐన్‌స్టీన్, గాంధీ, బుద్ధుడు... వరసగా వస్తారు. ఇక్కడ కొందరు బైబిల్ ఎక్కువైందంటుంటే, అక్కడ అమెరికాలో కొందరు క్రైస్తవ తల్లిదండ్రులు ఏసుని గాంధీ, బుద్ధుల పక్కన ఎలా కూర్చోబెడతారని, మంత్రగత్తెల్లాంటి ముసలమ్మలేమిటని గొడవపెట్టారు. 1990లలో అమెరికా లైబ్రరీల్లో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన వంద పుస్తకాల్లో ఇదొకటి. మా తాతగారు నవల్లోని ఆ పేర్ల జాబితా విని ‘బాగుంది, కానీ త్యాగరాజుని మర్చిపోయింది’ అన్నారు. పిల్లలు తలో పేరూ కలపడం మొదలుపెట్టారు. అబ్దుల్ కలాం దగ్గర్నుంచి వీధికుక్కలకి అన్నం పెట్టే మా వాచ్‌మన్ దాకా వెళ్లింది జాబితా. మతం గురించి మా దగ్గర జరిగిన గొడవ అంతే.

పెద్దవాళ్లకి ఎక్కువ గుచ్చుకున్నది వేరే. నాన్న దొరికితే చాలు అన్నీ ఆయనే చూసుకుంటాడన్న నమ్మకంతో మెగ్ అంతదూరం వస్తుంది. దొరుకుతాడు. కానీ ఆయన వల్ల కాదు. ఆఖరికి తమ్ముణ్ని ఇట్ చేతిలో వదిలేసి మిగతావాళ్లని తీసుకుని తప్పించుకోవాల్సి వస్తుంది. మెగ్ ఆయన మీద విరుచుకుపడుతుంది, న్యాయమూ చూడదు, మర్యాదా చూడదు. ఒకావిడ ‘కన్నతండ్రిని అన్నన్ని మాటలనడం పిల్లలకి నేర్పాలా అండీ?’ అని అడిగారు. నేను జవాబిచ్చేలోపే ఏడో తరగతి అమ్మాయి అంది: ‘నాన్నకి కూడా రాదని తెలిస్తే కోపమే వస్తుంది ఆంటీ, భయం వేసి.’ ఆ పిల్ల అంతకు ముందు పెద్దగా మాట్లాడింది లేదు. మెగ్ ఊరికే సణుగుతుందని, ఏడుస్తుందని చాలా రివ్యూల్లో చూసి ఉంటారు. సణుగుతుంది, నిజం. ప్రమాదంలోకి వెళ్లేముందు మిసెస్ వాట్సిట్ ఆ అమ్మాయికి ఇచ్చే కానుకే అది: నీ లోపాలు నీకిస్తున్నాను అంటుంది. ఆ మొండితనమే ఇట్ ముందు మెగ్‌ని కాసేపు నిలబెడుతుంది. మా దగ్గర సమానత్వం ఉంది, అందరూ ఒకటే అని ఇట్ అన్నప్పుడు, ఒకేలా ఉండటం వేరు, సమానంగా ఉండటం వేరు అని అరిచేది కూడా ఈ సణిగే పిల్లే.

ముగింపు దగ్గరే అసలు చిక్కు. ముగింపు చెబుతున్నాను, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. మన పిల్లలకి మంచి గెలవడం అంటే వధ. నరకాసుర వధ, రావణ వధ, బకాసుర వధ. చందమామ సీరియల్లో అయినా ఆఖరికి మాంత్రికుడు చావాల్సిందే. ఇందులో వధ లేదు. మెగ్ ఒంటరిగా తిరిగి వెళ్లి, ఇట్ వశమైపోయిన తమ్ముడి ఎదురుగా నిలబడి, ప్రేమ ఒక్కటే ఇట్ దగ్గర లేనిదని గ్రహించి, వాణ్ని ప్రేమిస్తూ పిలుస్తుంది. వాడు బయటపడతాడు. మరుక్షణం ఇంటి తోటలో ఉంటారు. ఇట్ ఎక్కడిదక్కడే ఉంది, కామజోట్జ్ అలాగే ఉంది. నవల మిసెస్ వాట్సిట్ మాట పూర్తికాకుండానే గాలి వీచి ఆగిపోతుంది. ‘అంతేనా?’ అని మా వాళ్లంతా ఒక్కసారే అన్నారు. ప్రేమతో గెలిచేయడం చీటింగ్ అన్నారు సగం మంది. ఫైట్ అడిగిన అబ్బాయి మాత్రం ‘మరి ఆ బంతి పిల్లాడి సంగతేంటి?’ అన్నాడు. వాణ్ని ఒక గదిలో పెట్టి తాళం తప్పకుండా బంతి కొట్టిస్తున్నారని, బంతి నేలకి తగిలినప్పుడల్లా నొప్పితో అరుస్తున్నాడని మధ్యలో ఒకచోట చూపిస్తారు. ఆ తర్వాత వాడి ఊసే ఉండదు. ఎవరూ వెళ్లి వాణ్ని తీసుకురారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, పుస్తకంలోనూ లేదు. ముగింపు హడావిడిగా అయిపోయిందనే విమర్శతో నేను ఏకీభవిస్తాను. కానీ చెడు ఓడిపోలేదని ఒప్పుకున్న పిల్లల పుస్తకం కాబట్టే వాడు ఆ ప్రశ్న అడగగలిగాడు. అంతా కాలి బూడిదైపోయి ఉంటే వాడికి ఆ పిల్లాడు గుర్తొచ్చేవాడు కాదు.

ఇలాంటి పుస్తకాన్ని చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారంటే ఆశ్చర్యం లేదు. ఇది పిల్లలకా పెద్దలకా అన్నదే వాళ్లకి తేలలేదు. అచ్చయ్యాక 1963లో, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి న్యూబెరీ మెడల్ వచ్చింది.

మీ పాప యుద్ధాలు, మంత్రదండాలు, స్కూలు అల్లరి కోసం చూస్తుంటే ఇది పోటర్ లోటు తీర్చదు. ఇంకో రెండేళ్లు ఆగండి. క్లాసులో తను వేరుగా ఉన్నానని బాధపడే పిల్ల అయితే ఇప్పుడే ఇవ్వండి. ఒక్కదాన్నీ చదువుకోమనకుండా మొదటి ఐదు అధ్యాయాలు మీరు పక్కన కూర్చుని చదవండి, తర్వాత వద్దన్నా ఆగదు. 2018లో వచ్చిన డిస్నీ సినిమా ముందుగా చూపించకండి. కళ్లు లేని ఆంట్ బీస్ట్ అనే ప్రాణి మెగ్‌కి సేవ చేసే అధ్యాయం నవల్లో నాకు అన్నిటికంటే ఇష్టం, సినిమాలో అది లేనట్టే. మెగ్ కవల తమ్ముళ్లని కూడా తీసేశారు. తర్వాతి భాగాలు 1973 నుంచి వచ్చాయి గానీ, మొదటిది దేనికదే పూర్తి కథ. సెట్ మొత్తం కొనక్కర్లేదు.