ఆ ఏడాది తొమ్మిది మ్యాచ్‌లూ స్టేడియంలో కూర్చుని చూశాను

మీరు అడిగింది: "ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చాం. ఇక్కడి కెనడా ఫుట్‌బాల్ జట్టు ఎల్క్స్ 2023లో 18 మ్యాచ్‌లకి నాలుగే గెలిచిందట. అంత పేరున్న జట్టు ఎందుకలా అయింది? సీజన్ టికెట్ కొనడం దండగేనా?"

ఆ ఏడాది నా దగ్గర సీజన్ టికెట్ ఉంది. కామన్‌వెల్త్ స్టేడియంలో జరిగిన తొమ్మిది మ్యాచ్‌లకీ వెళ్ళాను కాబట్టి చెబుతున్నానండి.

నాలుగు గెలుపులు, పద్నాలుగు ఓటములు అన్న అంకె చూస్తే మా బాధ సగమే తెలుస్తుంది. 2019 అక్టోబర్ తర్వాత ఈ జట్టు సొంత ఊళ్ళో గెలిచిందే లేదు. 2020లో కోవిడ్ వల్ల లీగే జరగలేదు. 2021లో ఇక్కడ ఆడిన ఏడుకి ఏడూ, 2022లో తొమ్మిదికి తొమ్మిదీ పోయాయి. 2023 ఆగస్టు వచ్చేసరికి సొంత మైదానంలో వరసగా 22 ఓటములు. అంతకుముందు 1953లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే బేస్‌బాల్ జట్టు 20 ఓడింది, ఉత్తర అమెరికాలో అదే రికార్డు. మావాళ్ళు దాన్నీ దాటేశారు.

నేను హైదరాబాద్ వాణ్ణి. 2008లో మొదటి ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ ఉప్పల్‌లో ఒక్కటీ గెలవలేదు, గెలిచిన రెండూ పై ఊళ్ళలోనే. మ్యాచ్ అయ్యాక బస్సు కోసం వేలమందిమి నడుస్తున్నా ఎవరి నోటా మాట ఉండేది కాదు. పదిహేనేళ్ళ తర్వాత ఇక్కడ స్టేడియం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అదే మౌనం.

నా పక్క సీటులో ఒక పెద్దాయన కూర్చునేవారు. 1978లో ఈ స్టేడియం కట్టినప్పటి నుంచీ వస్తున్నారు. 1978 నుంచి 82 దాకా వరసగా ఐదు గ్రే కప్‌లు (లీగ్ విజేతకిచ్చే కప్పు) గెలిచిన రోజులు, అప్పటి మన ఆటగాడు వారెన్ మూన్ ఆట, అన్నీ కళ్ళారా చూసిన మనిషి. ఆయన ఎవరినీ తిట్టేవారు కాదు. నాలుగు భాగాల ఆటలో మూడోది, అంటే మూడో క్వార్టర్ అయ్యేసరికి చేతిలోని టోపీ నలుపుతూ ఉండేవారు. వాంకూవర్ జట్టు బీసీ లయన్స్‌తో ఇక్కడ 27-0తో ఓడిన రోజు మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను.

ఎందుకలా అయిందంటే, నా మట్టుకు జవాబు ఒక్కటే: క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. కెనడా ఫుట్‌బాల్‌లో పది గజాలు దాటడానికి మూడే డౌన్‌లు (ప్రయత్నాలు), అమెరికా ఆటలోలా నాలుగు కాదు. రెండు ప్రయత్నాలు వృథా అయితే మూడోదానికి సాధారణంగా బంతిని తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేయాల్సిందే. అంటే బంతితో ముందుకెళ్ళే ఆఫెన్స్ తడబడిన ప్రతిసారీ, అవతలివాళ్ళని ఆపే డిఫెన్స్ వాళ్ళు ఊపిరి పీల్చుకోకముందే మళ్ళీ మైదానంలోకి రావాలి. నాలుగో క్వార్టర్‌కి వాళ్ళ కాళ్ళలో సత్తువ ఉండేది కాదు, పై వరసల్లో కూర్చున్న మాకే అది కనబడేది. బంతి విసిరేవాడికి పరిగెత్తడం కూడా వస్తే ఈ వెడల్పాటి మైదానంలో అదో వరం.

అలాంటి కుర్రాడు మన జట్టులోనే ఉన్నాడు, ట్రే ఫోర్డ్. వాటర్లూ యూనివర్సిటీలో చదివిన కెనడా కుర్రాడు. 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) తీసుకున్నారు. ఆ ఏడాది జులై 1న తను మొదటి నుంచి ఆడిన తొలి మ్యాచ్‌లోనే హామిల్టన్ మీద గెలిపించాడు కూడా, తర్వాత గాయపడ్డాడు. 2023లో ఆగస్టు దాకా అతనికి మొదటి నుంచి ఆడే అవకాశం రాలేదు. హెడ్ కోచ్ క్రిస్ జోన్స్ 2015లో ఇదే జట్టుకి గ్రే కప్ తెచ్చినవారు కాబట్టి మేమంతా నమ్మకంతోనే ఎదురుచూశాం. కానీ ఫోర్డ్‌ని ఆలస్యంగా దించడమే ఆ సీజన్‌ని ముంచిందని నేను ఇప్పటికీ అంటాను.

ఆగస్టు 10న విన్నిపెగ్ మీద అతన్ని దించారు. 22-0 ఆధిక్యం! మా వరసలో అందరం లేచి నిలబడ్డాం, ఆ పెద్దాయన నా భుజం పట్టుకుని ఊపేశారు. ఆఖరికి 38-29తో ఓడిపోయాం. నా జీవితంలో నేను చూసిన అతి బాధాకరమైన మ్యాచ్ అది. అప్పటికి ఆ సీజన్‌లో ఊళ్ళోనూ బయటా కలిపి ఆడిన తొమ్మిదీ పోయాయి.

వారం తిరిగేసరికి హామిల్టన్‌లో 24-10తో మొదటి గెలుపు. ఆగస్టు 27న ఇక్కడ ఒట్టావా మీద 30-20. చివరి నిమిషంలో కూడా నమ్మకం కుదరక ఎవరూ కూర్చోలేదు. గడియారం ఆగాక పెద్దాయన ఆ నలిగిన టోపీ తలకి పెట్టుకుని చాలాసేపు మైదానం వైపే చూస్తూ ఉండిపోయారు. సెప్టెంబర్‌లో కాల్గరీ మీద ఇక్కడా, సస్కాచెవాన్ మీద వాళ్ళ ఊరు రెజైనాలోనూ గెలిచాం. నాలుగు గెలుపులూ ఫోర్డ్ వచ్చాకే.

ఆ తర్వాత చాలా మారింది. 2024లో మొదటి ఐదూ ఓడాక కోచ్‌ని మార్చారు. అప్పటిదాకా ఊరి జనానిదిగా నడిచిన జట్టుని ఆ ఆగస్టులోనే లారీ థాంప్సన్ అనే స్థానిక వ్యాపారి కొన్నారు.

టికెట్ సంగతి: ఒకేసారి సీజన్ మొత్తానికి కొనొద్దు. లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాత కాల్గరీ ఇక్కడికి వచ్చే మ్యాచ్‌కి పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. రెండు ఊళ్ళ మధ్య పోటీ అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలుస్తుంది. కారు వద్దు, ఎల్‌ఆర్‌టీలో (ఊళ్ళో తిరిగే రైలు) వెళ్ళండి, స్టేషన్ స్టేడియం పక్కనే. సెప్టెంబరే కదా అనుకోకండి, పొద్దు వాలితే చలి పట్టుకుంటుంది. పిల్లలకి జాకెట్లు మర్చిపోవద్దు.