పిల్ వేస్తే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు మూడో ఏడాదిలో ఉంది. కార్పొరేట్ వద్దట, ప్రజాప్రయోజన కేసులు (పిల్) వాదిస్తూ లా కాలేజీలో పాఠాలు చెప్పి దేశాన్ని ఉద్ధరిస్తుందట. రెండూ కుదురుతాయా, ఏది మేలు? పోనీ విదేశాల్లో లా పీజీ, అదే ఎల్ఎల్ఎం చేయించమంటారా?

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు టెన్షన్ ఇంకెన్నాళ్లు డబ్బు పంపాలన్నదే కదండీ. ఈ ప్రశ్న ఎవరడిగినా అడుగున ఉండేది అదే.

రెండూ కుదురుతాయి, ఒక మెలికతో. ఫుల్‌టైమ్ ప్రొఫెసర్‌గా జీతం తీసుకుంటూ కోర్టులో వాదిస్తానంటే లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. ప్రాక్టీస్ చేస్తూ రోజుకు 3 గంటలు మించకుండా పాఠాలు చెప్పడానికి మాత్రం 1979 నాటి నిబంధనల్లోనే వీలుంది. ప్రొఫెసర్ వాదించలేకపోయినా పిటిషనర్ కావచ్చు. ఆగ్రా ప్రొటెక్టివ్ హోమ్‌లో ఆడవాళ్ల దుస్థితి మీద 1981లో సుప్రీంకోర్టుకెక్కిన ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ ఇద్దరూ ఢిల్లీ యూనివర్సిటీలో లా చెప్పినవాళ్లే.

సంపాదన సంగతి. పిల్స్ మీదే బతికే లాయర్‌ని నేనైతే చూడలేదు. ఉద్యోగుల సర్వీసు, కార్మిక, భూమి, కుటుంబ కేసులు ఇల్లు నడుపుతాయి, పిల్ వాటి పక్కన నడుస్తుంది. సీనియర్ దగ్గర మొదటి కొన్నేళ్లు చేతికొచ్చేది తక్కువే, తర్వాత నిలదొక్కుకుంటారు. స్థిరమైన జీతమే కావాలనిపిస్తే ఎల్ఎల్ఎం చేసి, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసే దారి ఎప్పుడూ ఉంటుంది. అమ్మాయి రోడ్డున పడదు, ఆ భయం వదిలేయండి.

నాకు అనుమానమంతా ఆ విదేశీ ఎల్ఎల్ఎం మీదే. చదువు ఏడాది, అప్పు మాత్రం ఏళ్ల తరబడి. ఈఎంఐ మొదలయ్యాక ఆమె ముందు మిగిలేది ఇప్పుడు వద్దంటున్న ఆ కార్పొరేట్ ఉద్యోగమే. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే నిక్షేపంగా పంపండి, లేదంటే ముందు నాలుగేళ్లు కోర్టులో తిరగనివ్వండి. కోర్టు ఆఫీసు (రిజిస్ట్రీ) ఆబ్జెక్షన్ పెట్టి వెనక్కిచ్చిన పిటిషన్‌ని సరిచేసి నంబర్ వేయించడం, సర్కారు జవాబుగా వేసే కౌంటర్‌లో డొల్ల ఎక్కడుందో పట్టుకోవడం సెమినార్లలో రావు. పైగా పసలేని పిల్ వేస్తే కోర్టులు ఖర్చులు కూడా కట్టిస్తున్నాయి.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. ‘ఉద్ధరిస్తుందట’ అన్న ఆ వెటకారం ఎందుకు? యూనివర్సిటీలో గణితం చెప్పిన హక్కుల నేత బాలగోపాల్ నలభై దాటాక నల్లకోటు వేసుకున్నారు. మీ అమ్మాయికి ఇరవైలోనే దారి తెలిసింది, మీరేమో దాన్ని జబ్బులా చూస్తున్నారు!

ఈ సెలవుల్లో జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో, ట్రయల్ కోర్టు సీనియర్ దగ్గరో ఇంటర్న్‌షిప్ చేయమనండి. ఆ నెలరోజులూ ఫోన్ చేసి ‘ఎంతిస్తున్నారు’ అని మాత్రం అడగకండి.