వైజాగ్ స్కూళ్లకు మ్యూజిక్ టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

అడిగిన ప్రశ్న ఇది: "హైస్కూళ్లలో మ్యూజిక్ టీచర్లు అసలు ఏం చదివి వస్తారు? మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఏడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. డిగ్రీలో మ్యూజిక్ తీసుకుంటే వైజాగ్‌లో ఉద్యోగం దొరుకుతుందా?"

దొరుకుతుంది. ఎలాంటిది దొరుకుతుందన్నదే చూసుకోవాలి. లెక్కల మాస్టారికి బీఎస్సీ, బీఎడ్, డీఎస్సీ అని ఒక రోడ్డు ఉంది. మ్యూజిక్‌కు అలాంటి రోడ్డు లేదు, సందులే. అందుకే ఈ ఊళ్లో ఏ పది స్కూళ్లు చూసినా మ్యూజిక్ టీచర్లు పది రకాలుగా ఉంటారు.

మొదటి సందు విజయనగరం. ఇక్కణ్ణుంచి రైల్లో గంట ప్రయాణం. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టినది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, 1936 నుంచి వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదివిందీ అక్కడే. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. ఆ డిప్లొమాతో వచ్చినవాళ్లకు స్వరజ్ఞానం గట్టిగా ఉంటుంది, నొటేషన్ చూసి పాడేస్తారు. చాలామందికి డిగ్రీ ఉండదు, ఇంగ్లీషులో క్లాసు చెప్పాలంటే బెరుకు. రెండోది ఆంధ్రా యూనివర్సిటీ సంగీత విభాగం. అక్కడ ఎంఏ చేసినవాళ్లకు కాగితం బలం ఉంటుంది. రేడియోలో బి గ్రేడో బి హై గ్రేడో ఉంటే స్కూలు బ్రోషర్లో అదీ వేస్తారు. ఆకాశవాణి ఆడిషన్ గదిలో ఒక్కళ్లే కూర్చుని పాడి తెచ్చుకున్న గ్రేడు అది. నలభై మంది పిల్లలున్న గదికి దాంతో ఏ సంబంధమూ లేదు.

మూడో రకం ఈ ఊరికే ప్రత్యేకం: నేవీ బ్యాండు నుంచి వచ్చినవాళ్లు. ముంబయిలో ఐఎన్ఎస్ కుంజాలిలోని సంగీత పాఠశాలలో శిక్షణ పొంది, పదిహేనేళ్ల సర్వీసు చేసి ముప్పై అయిదేళ్లకే బయటికొస్తారు. క్లారినెట్టో ట్రంపెట్టో వాయిస్తారు, స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి, మనం పేపరు చదివినట్టు చదువుతారు. నిమిషానికి 120 అడుగుల మార్చి ఒంట్లో ఉంటుంది కాబట్టి డ్రమ్ము పిల్లలు తొందరపడితే అక్కడికక్కడే పట్టేస్తారు. రాగం, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) అంటే మాత్రం మొహం చాటేస్తారు. పింఛను వస్తుంది కాబట్టి తక్కువ జీతానికి ఒప్పుకుంటారు. దీన్ని మేనేజ్‌మెంట్లు బాగా వాడుకుంటాయి, మిగతావాళ్ల జీతాలూ అక్కడే ఆగిపోతాయి.

చర్చి కోయిర్‌లో కీబోర్డు వాయిస్తూ పెరిగినవాళ్లున్నారు. రెండు మూడు గొంతుల్లో పాడించడం వీళ్లకు పుట్టుకతో వచ్చినట్టే. లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే పాశ్చాత్య సంగీత పరీక్షల్లో అయిదో ఆరో గ్రేడు పాసై ఉంటారు. నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంటు ఉద్యోగాల వల్ల ఇక్కడికొచ్చిన బెంగాలీ, ఒడియా, హిందీ కుటుంబాల ఆడవాళ్లు హిందుస్తానీ సంగీత పరీక్షల సర్టిఫికెట్లు, సంగీత విశారదో ప్రభాకరో పట్టుకుని వస్తారు. పెళ్లిళ్లలో, గణపతి పందిళ్లలో ఆర్కెస్ట్రాకు పాడినవాళ్లూ వస్తారు. మైకు ముందు బెదరనివాళ్లు వీళ్లే, యాన్యువల్ డే నాడు స్కూలు పరువు నిలిపేదీ వీళ్లే. సర్టిఫికెట్ అడిగితే నీళ్లు నములుతారు.

మీ అమ్మాయికి ప్రభుత్వోద్యోగం మీద ఆశ ఉంటే డిగ్రీ తప్పదు. కేంద్రీయ విద్యాలయాల్లో పోస్టు పేరు పీఆర్‌టీ మ్యూజిక్. పేరుకు ప్రైమరీ టీచరేగానీ పెద్ద తరగతుల అసెంబ్లీ, బృందగానం కూడా ఆవిడ నెత్తినే పడతాయి. ఇంటర్లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ లేదా దానికి సమానమైనది అడుగుతారు. ఆ "సమానమైనది" అన్న మాట దగ్గరే డిప్లొమావాళ్లు చిక్కుకుంటారు. జీతం లెవెల్ 6, అంటే మూలవేతనం 35,400 నుంచి మొదలు. కొమ్మాదిలో ఉన్నట్టి నవోదయల్లో మ్యూజిక్ టీచరు లెవెల్ 7లో ఉంటారు, 44,900. అక్కడ ఇంటర్ మీద సంగీత విశారద ఉన్నవాళ్లకూ తలుపు తెరిచి ఉంటుంది. కాకపోతే హాస్టల్ స్కూలు కదా, సాయంత్రం ఆరుకు బ్యాగు సర్దుకుని ఇంటికెళ్లే ఉద్యోగం కాదు.

కర్ణాటకం నేర్చుకున్న పిల్లలు ఆ రాతపరీక్షల్లో ఎక్కడ బోల్తా పడతారంటే, అక్కడ భాష హిందుస్తానీది. రాగాలన్నిటికీ మూలమైన స్వరవరసలు మనకు 72 మేళకర్తలు, వాళ్లకు పది థాట్లు. భైరవ్ అంటే మన మాయామాళవగౌళే, బిలావల్ అంటే శంకరాభరణం, కాఫీ అంటే ఖరహరప్రియ. ఇంతవరకు సుఖమే. వాళ్ల భైరవి థాట్ మన తోడి. వాళ్ల తోడి మన శుభపంతువరాళి. పేరు చూసి టిక్కు పెడితే పోయినట్టే. ఆదితాళం ఎనిమిది అక్షరాలు ఒంట్లో నిలిచిన పిల్ల పదహారు మాత్రల తీన్‌తాల్‌లో ఖాళీ (దెబ్బ వెయ్యకుండా చెయ్యి విసిరే చోటు) తొమ్మిదో మాత్రలో వస్తుందని విడిగా బట్టీ పట్టాలి. ఇంటర్ సెలవుల్లో రెండు నెలలు కూర్చుంటే అయిపోయే పని ఇది. ఎవరూ చెప్పరు కాబట్టి ఎవరూ చెయ్యరు.

ఇక ప్రైవేటు స్కూళ్లు. ఇక్కడ సర్టిఫికెట్ కంటే డెమో క్లాసు ముఖ్యం, ఆ డెమో జరిగే తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎనిమిదో తరగతి గది, నలభై మంది, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు, పక్కన కరస్పాండెంటు. డిప్లొమా చదివిన అమ్మాయి ఫోన్లో తంబూరా యాప్ పెట్టి, తనకు అలవాటైన అయిదున్నర శ్రుతిలో కల్యాణి రాగం అందుకుంటుంది. (శ్రుతి అంటే "స" ఎక్కడ పెట్టుకున్నామన్నది: కీబోర్డు మీద సి ఒకటి, జి అయిదు.) నాలుగు నిమిషాలు కచేరీలా పాడుతుంది. ప్రిన్సిపాల్ గారు తలూపుతారు. పిల్లలు కిటికీలోంచి బస్సు చూస్తుంటారు. ఆ తరువాత "అందరూ నాతో పాడండి" అంటుంది. ఆడపిల్లలు పాడతారు. అబ్బాయిల్లో సగంమంది నోరు కదుపుతారు, నలుగురు బొంగురుగా ఎక్కడో కింద మోగుతారు, గది గొల్లుమంటుంది. ఆ నలుగురూ ఇక ఆ ఏడాదంతా నోరు తెరవరు. ఉద్యోగం మాత్రం ఆ అమ్మాయికే వస్తుంది, బాగా పాడింది కదా!

తప్పు అబ్బాయిలది కాదు, శ్రుతిది. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు ఒక స్థాయి కిందికి దిగుతుంది, అదీ ఒక్కరోజులో దిగదు. కాబట్టి ఎనిమిదో తరగతిలో ఎప్పుడూ మూడు రకాల గొంతులుంటాయి: ఆడపిల్లలూ ఇంకా మారని అబ్బాయిలూ ఒకటి, మారుతూ మధ్యలో ఉన్నవాళ్లు ఒకటి, పూర్తిగా దిగినవాళ్లు ఒకటి. ఒకటో శ్రుతిలో పెడితే మొదటి, మూడో రకాలకు సుఖం, ఒకరికొకరు స్థాయి తేడాతో పాడేస్తారు. మధ్యవాళ్లకు పంచమం (ప) దాటాక గొంతు చీలిపోతుంది. అయిదుకు, అంటే ఆ సి కింది జికి పెడితే ఆ మధ్యవాళ్లు హాయిగా పాడతారు, కానీ దిగినవాళ్లకు కింది షడ్జం (స) అందక గొంతులో గాలే మిగులుతుంది. అందరికీ సరిపడే శ్రుతి లేదు. ఉందనుకునే టీచరు ఇంకా పిల్లల గొంతులు వినలేదన్నమాట.

చెయ్యాల్సింది ఏమిటంటే, పాట వెతుక్కునేటప్పుడే అయిదారు స్వరాల్లో తిరిగేది తీసుకోవాలి. ఒకటిన పెట్టి, మధ్యవాళ్లకు పై భాగం వచ్చినప్పుడు షడ్జం మీదే నిలబడి పట్టుకోవడమో, తాళం వెయ్యడమో పని ఇవ్వాలి. కోయిర్ నుంచి వచ్చిన టీచర్లకు ఇది అలవాటే, శాస్త్రీయం నుంచి వచ్చినవాళ్లకు కష్టం, ఎందుకంటే గురువు గారు వాళ్లకు నేర్పింది ఒక్కొక్కళ్లకే. డెమోలో అయితే మొదటి నాలుగు నిమిషాలు అసలు పాడకూడదంటాను. ఆదితాళం చేత్తో వేయించాలి: ఒక దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. కుడివైపు వరసలు మొదటి కాలం, ఎడమవైపు రెండో కాలం (రెట్టింపు వేగం), తరువాత మార్చాలి. అయిదో నిమిషానికి గది మీ చేతిలో ఉంటుంది. అప్పుడు అబ్బాయిల్ని ఒక్కొక్కణ్ణీ లేపకుండా, బెంచీకి నలుగురి చొప్పున "ఆ" అనిపిస్తూ పక్కనుంచి నడిచి వెళ్తే ఎవరి గొంతు ఎక్కడుందో మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది. "నీకు పాట రాదు, కూర్చో" అన్న మాట మ్యూజిక్ టీచర్లు మానుకుంటే చాలు, ఈ దేశంలో సగంమంది బాత్రూముల్లో కాక బయట పాడుకుంటారు.

అసెంబ్లీ సంగతీ ఇంతే. జాతీయ గీతం 52 సెకన్లలో అయిపోవాలి. షడ్జం దగ్గర మొదలై "జయహే" దగ్గర పై షడ్జాన్ని తాకుతుంది. మైకు పట్టుకున్న పాప ఉత్సాహంగా మూడుకో నాలుగుకో ఎత్తుకుంటే ఆ చివరి జయహేలు అరుపులే. ఒకటికి, మహా అయితే రెండుకు ఎత్తించాలి. అందుకు మైకు దగ్గర పాప చెవిలో ఒక్క స్వరం అందిస్తే చాలు. కీబోర్డు ఉంటే ముందు దాని శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ సున్నాలో ఉందో లేదో చూసుకోవాలి. నిన్న సాయంత్రం ఎవరో సినిమా పాటకు రెండు మెట్లు పైకి పెట్టి వదిలేస్తారు, పొద్దున్న రెండు వేల మంది దాని ఫలితం అనుభవిస్తారు.

జీతాల గురించి నిష్ఠూరం ఆడకుండా ఉండలేను. చాలా ప్రైవేటు స్కూళ్లు వారానికి మూడు రోజుల లెక్కన పెట్టుకుంటాయి, వేసవి సెలవులకు జీతం ఇవ్వవు, జూన్లో మళ్లీ చేరినట్టు రాసుకుంటాయి. అందుకే అనుభవం పత్రం ప్రతి ఏప్రిల్లో అడిగి తీసుకోవాలి. అయిదేళ్ల తరువాత అడిగితే అక్కడ ప్రిన్సిపాలే మారిపోయి ఉంటారు. డిసెంబరు వస్తే పదో తరగతి మ్యూజిక్ పీరియడ్ లెక్కలకో ఫిజిక్సుకో వెళ్లిపోతుంది. సీబీఎస్ఈలో కర్ణాటక గాత్రం 031 కోడుతో పరీక్ష రాసే సబ్జెక్టేనని, పన్నెండో తరగతిలో అయితే ప్రాక్టికల్‌కే 70 మార్కులున్నాయని తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? తెలిసిన స్కూళ్లు కూడా చెప్పవు, చెబితే టీచర్ని ఫుల్ టైమ్ పెట్టుకోవాలి మరి. అక్టోబరు నుంచి యాన్యువల్ డే దాకా పాఠం ఉండదు, కరోకే ట్రాక్‌కు పెదాలు కదపడమే. 2015 నుంచి కేంద్రం నడుపుతున్న కళల పోటీలు, కళా ఉత్సవ్, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు. దానికి ఒక్క పిల్లనైనా సరిగా తయారుచేసి పంపితే అది ఉద్యోగం మారేటప్పుడు పనికొస్తుంది. యాన్యువల్ డే వీడియో పనికిరాదు.

చేరిన మొదటి రోజు మీ అమ్మాయి చెయ్యాల్సిన పని ఒకటుంది. స్టాఫ్ రూములో కుర్చీ వెతుక్కునే ముందు మ్యూజిక్ రూము బీరువా తాళం అడగాలి. లోపల ఒక హార్మోనియం ఉంటుంది, అది మోగదు. ఈ ఊరి ఉప్పుగాలికి ఇత్తడి రీడ్లకు (గాలికి కదిలి స్వరం పలికే రేకులకు) చిలుము పడుతుంది, వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు లోపలికి వెళ్లి పైకి రావు. మెట్టు నొక్కితే బుస్సుమని గాలి వచ్చి స్వరం పలకకపోతే, నూటికి తొంభైసార్లు రీడు కింద దుమ్ము ఇరుక్కున్నట్టే. పైమూత తీసి, రీడు నాలుకను పల్చటి బ్లేడుతో వెంట్రుకవాసి లేపి, కింద సన్నని కాగితం దూర్చి లాగితే వచ్చేస్తుంది. వంచకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అటెండరు చేతికి గరుకు కాగితం ఇవ్వకూడదు. రీడు కొన దగ్గర గీకితే శ్రుతి పైకి పోతుంది, బిగించిన మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. తళతళా మెరిసేలా రుద్దిన హార్మోనియం ఇక దేనికీ సరిపడదు. మృదంగం ఉంటే చర్మం చెమ్మకు సాగిపోయి ఉంటుంది, దాన్ని కిటికీ పక్కన పెట్టడం మానేసి గుడ్డ సంచిలో వెయ్యాలి. వయొలిన్ తీగలు బిగించే బిరడాలు జారుతుంటే కాస్త సుద్దపొడి రాస్తే పట్టు దొరుకుతుంది.

హార్మోనియం బాగుచేశాక రోజూ పది నిమిషాలు వాయించాలి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి నెలకోసారి ఎండబెట్టాలి. ఆ పొట్లాలకు స్కూలు డబ్బు ఇవ్వదు, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చినవి దాచిపెట్టమనండి.