బియాట్రిక్స్ ఫారండ్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. తోటలు తీర్చిదిద్దే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఫారండ్ మీద నీ వ్యాసం చదివాను. కష్టపడి సమాచారం సేకరించావు, సంతోషం. కానీ ‘తొలి మహిళ’, ‘మార్గదర్శి’ అని అడుగడుగునా దండలు వేశావు. 1899లో అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘం పెట్టిన 11 మందిలో ఆమె ఒక్కతే స్త్రీ అని చెప్పి ఊరుకో. మిగతాది చదివేవాళ్లే అనుకుంటారు.

నవలా రచయిత్రి ఎడిత్ వార్టన్ ఆమెకు మేనత్త అన్న సంగతికి ఏకంగా ఒక పేజీ ఇచ్చావు. రాసేవాళ్ల చుట్టరికం కనిపిస్తే మనకు చేయి ఆగదు. దాన్ని ఒక్క వాక్యానికి దించు. న్యూయార్క్‌లో కలవారి పిల్ల, పరిచయాలు కలిసొచ్చాయి. అది మాత్రం దాచకు. చదువు సంగతి కూడా ఉండాలి. బోస్టన్‌లోని ఆర్నల్డ్ ఆర్బొరేటం అనే వృక్షవనంలో, దాని డైరెక్టర్ చార్లెస్ సార్జెంట్ దగ్గర, చెట్ల మధ్య తిరుగుతూ ఆమె ఈ విద్య నేర్చుకుంది.

నువ్వుండేది వాషింగ్టన్‌కు కారులో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలో. అలాంటిది డంబార్టన్ ఓక్స్ తోటను ఫొటోలు చూసి వర్ణించడం ఏమిటమ్మా? వెళ్లి నడిచి చూడు. 1921లో ఆ ఇంటి యజమానురాలు మిల్‌డ్రెడ్ బ్లిస్ కోసం మొదలుపెట్టి, ఫారండ్ పాతికేళ్లు ఆ కొండవాలుతో కుస్తీ పట్టింది. ఇంటి పక్కన గీత గీసినట్టుండే తోటలు, దిగేకొద్దీ కట్టుబాటు సడలి, వాగు దగ్గరికి వచ్చేసరికి అడవిలో కలిసిపోతాయి. మెట్లు ఏకబిగిన ఎక్కాల్సిన పని లేకుండా మధ్యమధ్య చదునులు పెట్టింది. నీ మోకాళ్లకు తెలియకపోవచ్చు, నా వయసువాళ్లకు తెలుస్తుంది. గోడో గేటో కట్టే ముందు అసలు కొలతల్లోనే నమూనా నిలబెట్టి చూసుకునేవారు. బ్లిస్ దంపతులు దౌత్య ఉద్యోగం మీద స్వీడన్‌లో, అర్జెంటీనాలో ఉన్న ఏళ్లలో తోట పని చాలావరకు ఉత్తరాల మీదే నడిచింది.

1940లో ఆ ఇల్లూ తోటా హార్వర్డ్ యూనివర్సిటీకి వెళ్లాయి. మరుసటి ఏడాది ఆమె అక్కడ పనిచేసేవాళ్ల కోసం ఒక పుస్తకమే రాసిపెట్టింది. ఏ మొక్క ఏ ఉద్దేశంతో అక్కడ ఉంది, అది చనిపోతే ఏది నాటాలి అని ఒక్కో చోటు గురించీ వివరించింది. అది అచ్చయింది 1980లో, ఆమె పోయిన 21 ఏళ్లకు. నువ్వు ఈ పుస్తకం ఊసే ఎత్తలేదు.

ప్రిన్స్‌టన్, యేల్ ఆవరణలు, వైట్‌హౌస్ తోట వంటివి ఒక పేరాలో సర్దేయవచ్చు. రీఫ్ పాయింట్‌ను మాత్రం చివర్లో నాలుగు ముక్కలతో తేల్చేశావు, నాకు కోపం వచ్చింది. మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్‌లో అది ఆమె సొంత తోట. విద్యార్థుల కోసం అధ్యయన కేంద్రంగా నిలపాలనుకుంది. పన్ను మినహాయింపు దొరకలేదు, తన తర్వాత చూసుకునేవాళ్ల మీద నమ్మకం కుదరలేదు. 1955లో, 83 ఏళ్ల వయసులో, తోటను తానే విప్పించేసింది. మొక్కలు చాలావరకు దగ్గర్లోని ఆస్టికూ, థూయా తోటలకు వెళ్లాయి; గ్రంథాలయం కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి చేరింది.

ఇతరుల తోటకు తన తర్వాత ఏం చేయాలో రాసిచ్చిన మనిషి, సొంత తోటను ఎవరి చేతికీ ఇవ్వలేకపోయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయి. ఆమె చేసింది మంచో చెడో నువ్వు తేల్చనక్కర్లేదు. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

కొత్త ప్రతిని 1955 నుంచి మొదలుపెట్టు. డంబార్టన్ ఓక్స్ చూసి వచ్చాకే కూర్చో. సంక్రాంతిలోగా పంపితే తీరిగ్గా చదువుతాను.