గోదావరి మొగ దాటే చిన్న బోటుకు పోటుపాట్లు, గాలి ఎలా చూసుకోవాలి?

భైరవపాలెం వైపు గోదావరి మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి చిన్న ఫైబర్ బోటులో వేటకు వెళ్ళేవారు పోటుపాట్లను, వాతావరణాన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలని మీరు అడిగారు. మా ఇంట్లో అందరిదీ సముద్రపు వేటే. నేను కూడా ఆ మొగ గుండానే తిరిగినవాణ్ణి కనుక అనుభవంలో చూసింది చెబుతాను.

చాలామంది బయలుదేరే వేళను చూసుకుంటారు గానీ ప్రమాదమంతా తిరిగి వచ్చే వేళలో ఉంటుంది. తెల్లవారుజామున పాటు నీటితో, అంటే సముద్రంలోకి తగ్గుతున్న నీటితో, బయటికి పోవడం సులువు, ఇంధనం కూడా కలిసి వస్తుంది. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి లేచినప్పుడు నది నీరు ఇంకా పాటుతో బయటికి దూసుకొస్తూ ఉంటే, లోపలికి వచ్చే అల ఆ ఎదురునీటికి గుద్దుకుని, ఇసుక మేట మీద నిటారుగా లేచి విరుగుతుంది. బయట సముద్రం చదునుగా ఉన్న రోజున కూడా మొగలో ఇలా జరుగుతుంది. వెనుక నుంచి వచ్చే అల బోటు వెనుకభాగాన్ని ఎత్తి అడ్డం తిప్పితే ఇక బోటు నడిపే సరంగు చేతిలో ఏమీ ఉండదు.

అందుకే నిండుపోటుకు ముందు గంట, గంటన్నరలో లోపలికి వచ్చేలా చూసుకోండి. మొగ బయట ఇంజను తగ్గించి కాసేపు గమనిస్తే తెల్లటి నురుగు వరుసల మధ్య అలలు విరగని నల్లటి నీటి దారి ఒకటి కనబడుతుంది. లోతు సాధారణంగా అక్కడే ఉంటుంది. పెద్ద అలలను పోనిచ్చి, ఒక అల వీపు మీద, దాన్ని దాటిపోకుండా, అదే వేగంతో రావాలి.

పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి వేళ నేటికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీటి లాగుడు ఎక్కువ. అప్పుడు సముద్రంలో వేసిన వలలు చుట్టుకుపోతాయి, అష్టమి ప్రాంతంలో నిలకడగా నిలుస్తాయి.

పోటుపాట్ల పట్టిక చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ మాత్రమే లెక్కిస్తుంది. అల్పపీడనం ఉన్నప్పుడు వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, గాలి తీరానికి తోసే నీరు దానికి అదనం. వరదల కాలంలో పోటు వేళకు కూడా నీరు బయటికే పారవచ్చు. పైగా వరద తగ్గాక మేటలు చోటు మారతాయి కనుక కిందటేటి దారిని నమ్మకుండా స్థానిక బోట్ల వెనుక వెళ్ళడం మేలు.

ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే అలల అంచనాలో ఎత్తుతో పాటు దూరం నుంచి వచ్చే ఉబ్బు అలల (స్వెల్) వివరం కూడా చూడండి, ఎందుకంటే దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు ఇక్కడ గాలి లేని రోజున కూడా మొగలో విరుగుతాయి. వాతావరణ శాఖ మత్స్యకారులకు హెచ్చరిక ఇచ్చిన రోజున ఈ లెక్కలేవీ అక్కర్లేదు, వెళ్ళకూడదు.

వేళ తప్పితే మొగ బయట లోతు నీటిలో లంగరు వేసి తర్వాతి పోటు వరకు ఆగండి, లేదా ఇంధనం ఉంటే ఉత్తరంగా హోప్ ఐలాండ్ చాటుకు, కాకినాడ ఖాతంలోకి పోండి. రెంటికీ సరిపడా తాగునీరు, లంగరు తాడు బయలుదేరేటప్పుడే బోటులో ఉండాలి.