పళ్ళు జివ్వుమనేవారికి ఎలక్ట్రిక్ బ్రష్ పనికివస్తుందా?

విజయనగరం నుంచి మీరు మూడు విషయాలు అడిగారు. చల్లనీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నప్పుడు ఎలక్ట్రిక్ బ్రష్ వాడితే మేలా కీడా, కొంటే ఏ రకం కొనాలి, డెబ్బై దాటిన మీ అమ్మగారికి కూడా అది ఇవ్వవచ్చా అని. నేను శ్రీకాకుళంలో ఉంటాను. ఇదే బాధతో ఏడాదికి పైగా అటువంటి బ్రష్ వాడుతున్నాను కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. నాకు ఉపశమనం ఇచ్చింది పేస్ట్. ఆ ఉపశమనం మళ్ళీ చెడిపోకుండా కాపాడింది బ్రష్. ఈ రెండింటి పనులు వేరని తెలియక చాలామంది వేలు పోసి బ్రష్ కొని, వారం తిరగకముందే దానిని తిట్టుకుంటారు.

పంటి పైభాగాన్ని గట్టి ఎనామిల్ కప్పి ఉంచుతుంది. దాని కింద ఉండే డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చిగురు కిందికి జారినప్పుడు గానీ, ఎనామిల్ అరిగినప్పుడు గానీ ఆ గొట్టాల నోళ్ళు బయటపడతాయి. చల్లదనం, తీపి, పులుపు, ఒక్కొక్కసారి వట్టి గాలి తగిలినా లోపలి ద్రవం కదులుతుంది, ఆ కదలిక నరానికి నొప్పిగా అందుతుంది. స్వీడన్ దేశపు బ్రాన్‌స్ట్రామ్ 1960లలో బలపరిచిన ఈ వివరణనే నేటికీ దంతవైద్యులు ఎక్కువగా అంగీకరిస్తున్నారు. కాబట్టి మొదట తేల్చుకోవలసింది మీ గొట్టాలు ఎందుకు తెరుచుకున్నాయన్నది. గట్టిగా రుద్దడం వల్లనా, పులుపు వల్లనా, నిద్రలో పళ్ళు కొరకడం వల్లనా, పళ్ళ గార పేరుకుని చిగురు జారడం వల్లనా అన్నది అద్దంలో చూసుకుంటే తెలియదు.

నా సంగతి ఏడు రోడ్ల కూడలి దగ్గర ఉన్న ఒక దంతవైద్యురాలు తేల్చారు. ఆమె నోరు చూసీ చూడగానే మీది కుడిచేతివాటమా అని అడిగారు, ఎందుకంటే ఎడమవైపు కోరపన్ను, దాని వెనుక పళ్ళ మొదళ్ళలో గోరు తగిలేంత గాడి పడి ఉంది. కుడిచేత్తో బ్రష్ పట్టేవారు ఎడమ దవడ మీద తెలియకుండానే ఎక్కువ బలం పెడతారట. దానికి తోడు చిన్నతనంలో మా ఇళ్ళలో బొగ్గు, ఉప్పు, పళ్ళపొడి వేలితో రుద్దడం మామూలే. నున్నగా మెరిస్తేనే తోమినట్టు అన్న నమ్మకం మనలో ఇంకా పోలేదు.

ఎలక్ట్రిక్ బ్రష్ నాకు ఉపయోగపడింది సరిగ్గా ఇక్కడే. నేను కొన్నదానిలో ప్రెషర్ సెన్సర్ ఉంది, అంటే బ్రష్‌ను పంటికి గట్టిగా అదిమితే పిడి దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది. మొదటి రోజుల్లో కుడివైపు తోముతున్నంతసేపు ఆరిపోయి ఉండే ఆ దీపం ఎడమవైపు తిరగగానే వెలిగేది. మెల్లగా తోమండి అని వైద్యురాలు ఎన్నిసార్లు చెప్పినా చేతికి అర్థం కానిది, ఆ దీపం కొద్ది వారాల్లో నేర్పింది. వాడే పద్ధతి కూడా మామూలు బ్రష్ పద్ధతి కాదు. ముందుకూ వెనక్కూ రుద్దకుండా, చిగురు అంచున కొంచెం వాలుగా ఆనించి, కొద్ది సెకన్లు ఉంచి పక్క పంటికి జరపాలి. రుద్దే పని యంత్రానిది, దాన్ని పట్టుకుని నడిపించడమే మనది. చేయి కూడా రుద్దితే జారిన చిగురు మరింత జారుతుంది. నోటిలో పెట్టి పెదవులు మూసిన తరువాతే స్విచ్ నొక్కాలి, లేకపోతే పేస్ట్ నురగ చొక్కా మీద, అద్దం మీద పడుతుంది. మొదట్లో ముక్కు దాకా చక్కిలిగింత పెట్టినట్టుంటుంది, చిగుళ్ళు కొంచెం మంటగా ఉంటాయి, అది తొందరగానే సర్దుకుంటుంది. కానీ చిగుళ్ళ నుంచి రక్తం రావడం ఒకటి రెండు వారాలు దాటినా ఆగకపోతే చూపించుకోవడం మంచిది.

రకాల విషయానికి వస్తే, దొరికేవి ముఖ్యంగా రెండు. ఓరల్-బి వంటివి చిన్న గుండ్రని హెడ్‌తో ఇటూ అటూ సగం తిరుగుతాయి. ఫిలిప్స్ సోనికేర్ వంటి సోనిక్ బ్రష్‌లు మామూలు బ్రష్ ఆకారంలోనే ఉండి నిమిషానికి 31,000 దాకా కంపిస్తాయి. మామూలు బ్రష్ కంటే ఎలక్ట్రిక్ బ్రష్‌తో మూడు నెలల తరువాత పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం ఎక్కువగా తగ్గాయని, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2014లో వెలువరించిన సమీక్ష తేల్చింది. ఆ లెక్క పాచికీ వాపుకూ సంబంధించినదే కనుక, జివ్వుమనడం కూడా అంతే తగ్గుతుందని దాని నుంచి అనుకోకూడదు. పళ్ళు జివ్వుమనేవారు రకం కంటే ముందు ప్రెషర్ సెన్సర్ ఉందా, మెత్తని కుచ్చుల హెడ్ దొరుకుతుందా, రెండు నిమిషాల టైమర్ ఉందా అన్నవి చూసుకోవాలని నా అభిప్రాయం. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే చౌక రకాల్లో సెన్సర్ సాధారణంగా ఉండదు, అటువంటిది కొనడం కంటే మెత్తని మామూలు బ్రష్ నయం. హెడ్‌ను మూడు నెలలకోసారి మార్చాలి, కుచ్చులు విచ్చుకుంటే ఇంకా ముందే మార్చాలి. ఆ హెడ్‌లు మన ఊళ్ళలో మెడికల్ షాపుల్లో అరుదుగా దొరుకుతాయి కనుక, ఆన్‌లైన్‌లో వాటి ధర చూసిన తరువాతే బ్రష్ ఎంచుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చేవాటితో మరో చిక్కు ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి లేకపోతే దాన్ని మన ప్లగ్గులో పెట్టకండి. కరెంటు కోతల గురించి మాత్రం బెంగ అక్కరలేదు, మంచి బ్రష్ ఒకసారి ఛార్జ్ చేస్తే చాలా రోజులు నడుస్తుంది.

ఇక పేస్ట్. జివ్వుమనే పళ్ళకు అమ్మే పేస్టుల్లో చాలావాటిలో పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉంటుంది, అది నరం స్పందనను మందగింపజేస్తుంది. మరికొన్ని గొట్టాల నోళ్ళను మూసే పదార్థాలతో వస్తాయి. ఏదైనా రోజుకు రెండుపూటలా రెండు నుంచి నాలుగు వారాలు వాడితేగానీ ఫలితం తెలియదు, నాకూ ఆ గడువులోనే తేడా కనిపించింది. తోమిన తరువాత నురగ ఉమ్మేసి, నీళ్ళతో పదే పదే పుక్కిలించకుండా ఉంటే మందు పంటి మీద నిలుస్తుంది. మనకు ఇది కష్టమే, చెంబెడు నీళ్ళతో పుక్కిలిస్తేగానీ నోరు కడుక్కున్నట్టుండదు. కనీసం చలికాలంలోనైనా ట్యాంకు నీళ్ళు మాని గోరువెచ్చని నీళ్ళు వాడండి. తెల్లగా మెరిపిస్తామనే బొగ్గు పేస్టులు మాత్రం వద్దు. మామిడికాయ, చింతకాయ పచ్చడి, నిమ్మరసం వంటివి తీసుకున్న వెంటనే తోమితే పులుపుకు మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది, కనుక అరగంట ఆగి తోమాలి.

చల్లదనం పోయినా నొప్పి నిలిచిపోతున్నా, రాత్రి నిద్ర లేపేస్తున్నా అది ఈ బాధ కాకపోవచ్చు. పిప్పి లోపలి దాకా వెళ్ళి ఉండవచ్చు, దానికి ఏ బ్రష్షూ పనికిరాదు. నొప్పి బిళ్ళలతో వారాలు నెట్టుకురావడం కూడా మంచిది కాదు. వాటిని విచ్చలవిడిగా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో జనం పడే బాధ పక్కనే చూస్తున్న మనకు అది మరొకరు చెప్పనక్కరలేదు.

మీ అమ్మగారికి నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. కీళ్ళనొప్పులున్న వేళ్ళకు సన్నని బ్రష్ కంటే లావుపాటి పిడి పట్టుకోవడం తేలిక. ఆమెకు గుండెలో పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందు గుండె వైద్యుడిని అడగండి. కదులుతున్న పళ్ళుంటే వాటిని చూపించుకున్న తరువాతే బ్రష్ మొదలుపెట్టండి. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ వయసు స్త్రీలకు చుట్ట అడ్డపొగగా తాగే అలవాటు ఉండడం అరుదు కాదు కాబట్టి ఒక మాట. నిప్పు నోటి లోపలికి పెట్టి తాగడం వల్ల అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు వస్తాయి, అవి క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. మీ అమ్మగారికి ఆ అలవాటు ఇప్పుడున్నా, ఒకప్పుడు ఉండి మానేసినా, పళ్ళు చూపించడానికి తీసుకువెళ్ళిన రోజే అంగిలి కూడా చూడమని దంతవైద్యుడిని మీరే అడగండి.